దుబాసీ

కోర్టు కాగితాల్లో నా ఉద్యోగం పేరు అనువాదకురాలు.
ఎగ్మోర్ వరండాలో టీ పోసే ముసలాయన మాత్రం
ఇంకా దుబాసమ్మా అనే పిలుస్తాడు.
పూటకి నాలుగు వందల యాభై. అదీ మూణ్ణెల్లకోసారి.

ఆ మంగళవారం బోనులో పెంచలయ్య.
పులియంతోపు, హౌసింగ్ బోర్డు.
ముత్తాత నెల్లూరు నుంచి చీపురు పట్టుకునొచ్చాడట,
చీపుళ్లు మారాయి గానీ తెలుగు మారలేదు.
ఇస్త్రీ చొక్కా, మెడ దాకా బొత్తాలు,
మణికట్టు దాకా చేతులు.
నల్లకోట్ల వాళ్లతో కలిపి చూసినా
ఆ హాల్లో అంత ఒళ్లు కప్పుకున్న మనిషి లేడు.

మేజిస్ట్రేటు చదివారు:
బహిరంగ స్థలం, ఇతరులకు చికాకు, అశ్లీల చర్య.
పాత పుస్తకంలో రెండు వందల తొంభై నాలుగు,
కొత్తదాంట్లో తొంభై ఆరు.
మూడు నెలలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ.

అన్నీ చెప్పుకొచ్చి అశ్లీలం దగ్గర ఆగిపోయాను.
ఆ మాట అతని వంటింట్లో లేదు, నా వంటింట్లోనూ లేదు.
బూతు, అన్నాను చివరికి. బూతు పని.
బెదిరిపోయాడు.
"నేనేం బూతు మాట అన్లేదమ్మా.
నీళ్లు గదా అడిగింది."

సాక్ష్యం ఒక ఫోను.
పురసవాక్కం, మూడో అంతస్తు బాల్కనీ, పద్నాలుగు సెకన్లు.
గుమాస్తా చూశాడు, ప్రాసిక్యూటరు చూశాడు,
మేజిస్ట్రేటు కళ్లద్దాలు తుడుచుకుని చూశారు.
నా దాకా వస్తే
చూసినట్టు తలూపి ఇచ్చేశాను.

అతను పైకొచ్చాకే ఆ పద్నాలుగు సెకన్లు మొదలు.
అంతకుముందుది వరండాలో చెప్పాడు,
లాయరు యాళినికి, నా నోటితో.
మూత తీసి గంటసేపు వదలాలి.
బొద్దింకలు బతికి బయటికొస్తే మనిషి దిగొచ్చు.
ఒంటికి ఆముదం, ఒంట్లోకి క్వార్టరు.
బట్టతో దిగితే ఇనపచువ్వ పట్టుకుంటది, వదలదు.
వాళ్ల బావ చెంచురామయ్య చొక్కాతో దిగాడు.
అందుకని డ్రాయరు ఒకటే.
ఆ రోజు అదీ చువ్వకే పోయింది.
పైకొచ్చి నీళ్లడిగితే ఒక గేటు మూసుకుంది,
ఇంకో గేటు అసలు తెరుచుకోలేదు.
నీళ్ల లారీ గొట్టం కింద నిలబడ్డాడు
రెండు బక్కెట్ల సేపు.

యాళిని చిన్నపిల్ల, ఉచిత న్యాయ సహాయం,
చెప్పు పట్టీకి పిన్నీసు.
ఒళ్లు కనబడితే చాలదు, అశ్లీలమని తేల్చాలి అంది.
చికాకు పడినవాళ్లు వచ్చి చెప్పాలి, వాళ్లు రాలేదు అంది.
గొంతు తగ్గించి,
"గుంతలో దిగానని ఒక్క మాట చెప్పమనండి.
అది ఇంకో చట్టం. అందులో దిగినవాడిది తప్పు కాదు,
దించినవాడిది. రెండేళ్లు, రెండు లక్షలు."

ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.
అతను మెట్ల కింద బండి మీద కూర్చున్న మేస్త్రీని చూశాడు.
మేస్త్రీ వేలికణుపుల మీద ఏదో లెక్క పెట్టుకుంటున్నాడు,
ఇటు చూడలేదు.
"దిగలేదని చెప్పండమ్మా.
ఉట్టినే నిలబడ్డానని చెప్పండి."

ఉట్టినేకి తమిళంలో చక్కటి మాటుంది.
సుమ్మా, అన్నాను లోపలికెళ్లి.
హాలంతా నవ్వింది. మేజిస్ట్రేటు కూడా కొంచెం.
ఎనిమిది వందలు.
మేస్త్రీ కట్టాడు, కూలిలో పట్టుకుంటాడు.

బయట రసీదు నా చేతికిచ్చాడు.
"ఏం రాసుందమ్మా?"
ఇరవై ఏళ్లుగా ఉన్నది ఉన్నట్టు చెబుతానని
ప్రమాణం చేస్తూనే ఉన్నాను.
రోడ్డు మీద స్నానం, అన్నాను.

"అంతేనా!" మొహం విప్పారింది.
కాగితం మడిచి జేబులో పెట్టబోయి
ఏమనుకున్నాడో, నా సంచి జిప్పు తీసి అందులో పెట్టాడు.
"మీ దగ్గరే ఉండనీండి.
మా పాప తమిళ మీడియం."