గడప పీట

సూర్‌ల ఆ ఇంటికి పోయిన పొద్దు
మౌజా మేడమ్ చీటీ చేతిల పెట్టింది.
బాత్రూంల స్టీలు కడ్డీలు రెండు,
జారని టైల్సు,
మంచం నాలుగించులు లేపాలె,
ఆఖరున, కింద గీత గీసి:
గది గడప కోసెయ్యాలె.

ముందుగాల కడ్డీలు.
ఎంతెత్తున బిగియ్యాలె అని టేపు తీసి
మళ్ల జేబుల ఏసుకున్న.
ఆయననే పిలిపియ్యమన్న.
ఖల్ఫాన్ నాఖోదా, ఎనబై ఏడేండ్లు,
కండ్లకు పొర.
చుక్కలు చూసి పడవ నడిపిన మనిషికి
ఇప్పుడు మంచం కాన్నుంచి నల్లా దాక
పద్నాలుగు అడుగులు.
అండ్ల రెండుసార్లు పడ్డడు.

పడబోతున్నవనుకో, చెయ్యి చాపు, అన్న.
చాపిండు.
గోడకు ఏడ తాకిందో
ఆడ పెన్సిల్‌తోని చుక్క పెట్టిన.

కడ్డీ పట్టుకొని మొకం ముడిసిండు.
"సల్లగుంది. దవాఖాన లెక్కుంది.
తాడు తే," అన్నడు, బొంబాయి రేవుల నేర్సిన హిందీల.
మేడమ్ నవ్వింది. తర్వాత కోపానికొచ్చింది.
తర్వాత తనే కారు తీసింది, తాడుకు.

బొటనేలు మందం కొబ్బరి తాడు.
గోడెంబడి కొక్కేలు కొట్టి
నడుమెత్తున గుంజి కట్టిన.
ముడులు మాత్రం నన్ను ముట్టనియ్యలె.
తలుపు కాడ ఒకటి,
మూల తిరిగే కాడ రెండు,
తడి మొదలయ్యే కాడ మూడు.
"కరెంటు పోయినా దారి పోదు," అన్నడు,
కరెంటుతోని తనకేం పనో మర్సిపోయి.
స్టీలు కడ్డీలు కమోడు పక్కన అట్లనే ఉంచిన.
లేసేటప్పుడు బరువాపనీకి తాడు పనికిరాదు,
ఆ ముచ్చట ఆయనకు చెప్పలె.

ఇగ గడప.
టేకు. మలబారు నుంచి ఆయన పడవలనే వచ్చిందట,
ఇసుక లోపలికి రాకుండ జానెడెత్తు.
రంపం పెట్టిన గని చెయ్యాడలె.
మా అమ్మ శుక్రారం శుక్రారం పసుపు రాసే జాగ.
గడపకు ఇటు నిలబడి అటోనికి పైసలియ్యొద్దు.
గడప మీద కూసుంటే ఈపు పలిగేది.
నేను వడ్లోన్ని.
ఎన్నో ఇండ్లకు గడపలెత్తిన,
కొత్త తువ్వాల కప్పిచ్చుకొని, కల్లు తాగి.
కోసుడు ఇదే మొదలు.

"రంపం ఎందుకాగింది?" లోపలి నుంచి ఆయన.
వచ్చీరాని అరబ్బీల చెప్పిన.
ఎంతసేపో సప్పుడు చెయ్యలె.
"నన్ను పడేసింది అదే," అన్నడు,
"రెండుసార్లూ.
అయినా అవతల పారెయ్యకు."

పారెయ్యలె.
రెండు ముక్కలు జోడిచ్చి, కాళ్లు పెట్టి,
కాళ్లకు రబ్బరు బుడిపెలు తొడిగి
నల్లా కింద పీట చేసిన.
సముద్రం మీద వచ్చిన కట్టె,
బకెట్ నీళ్లకు భయపడ్తదా.

గడప మీద కూసోవద్దు అంటరు గదా.
నాఖోదా గడప మీద కూసొనే తానం చేస్తుండు.
తలుపవతల మేడమ్ నిలబడి ఉంటది.
లోపలికెళ్లి పడవ పాట ఇనబడ్తె నిమ్మళం,
ఆగితె తలుపు కొడ్తది.
గడప పోయిన కాడ ఇసుక లోపలికొస్తుంది.
ఊడ్సుకుంటున్నరు.

నాకు యాభై తొమ్మిది.
క్యాంపుల పై మంచం నాది.
ఇనుప నిచ్చెనకు ఐదు మెట్లు, నడిమిది ఊగుతది.
నిన్న రాత్రి మోకాలు పట్టుకొని దిగి
పదకొండు మంది నిద్ర తొక్కకుండ
బాత్రూంకు పోతాంటె
ఎడమ చెయ్యి గోడెంబడి దేవులాడింది,
ముడి యాడుందా అని.

"లైటెయ్యి పెద్దన్నా, పడ్తవ్."
చీకట్ల పోచమల్లు.

సంచిల తాడు మిగిలింది, రెండు బారలు.
దారి మూడు బారలుంటది.