రెండో ఆట

గోడ పక్కింటి నార్మన్ గారి దగ్గర
నూట పన్నెండు డిస్కులున్నాయి, ప్లేయరు చచ్చిపోయింది.
మా ఇంట్లో ఆటల పెట్టె ఉంది, ఒక్క డిస్కూ లేదు.
ఉదిత ఆటలన్నీ గాల్లోంచే దిగుతాయి,
పెట్టె ముందున్న సన్నటి నోటికి
కొన్నప్పటి నుంచీ ఉపవాసమే.
హల్ ఊళ్ళో, హెసిల్ రోడ్డు వెనక,
ఒక ఇటుక మందం దూరంలో
ఇన్నాళ్ళూ రెండు సగాలు
ఒకదాని సంగతి ఒకటి ఎరగకుండా కూర్చున్నాయి.

ఇప్పుడు శుక్రవారం ఏడింటికల్లా వస్తాడు,
అరటిపళ్ళ అట్టపెట్టె చంకన పెట్టుకుని.
ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో బూట్లు విప్పుతాడు.
ఉదిత మూతి ముడుస్తుంది:
"అమ్మా, అది ఆడుకోడానికి కొన్నది."

సినిమా మాత్రం ఆడదుటే?
మా ఊళ్ళో వంద రోజులు ఆడేది,
ఆడకపోతే వారానికే ఎత్తేసేవాళ్ళు.
మొదటి ఆట, రెండో ఆట అనే అనేవాళ్ళం.
ఆటల పెట్టెలో సినిమా ఆడటానికి
తెలుగు ఎప్పుడో ఒప్పుకుంది,
ఒప్పుకోవాల్సింది నువ్వే.

రిమోటు లేదు. రెండు కొమ్ముల గేము పిడి ఇచ్చాం.
ముప్పై ఏళ్ళు ఉత్తర సముద్రంలో
చేపల పడవల మీద తాళ్ళు లాగిన చేతులు.
బొటనవేళ్ళకి పనేమిటో తెలియక
గాల్లో నిలబడిపోయేవి.
త్రికోణం నొక్కితే ఏదో పట్టిక,
గుండ్రం నొక్కితే సినిమాయే మాయం.
ఒళ్ళో పెట్టుకుంటే వెనక మీట దానంతటదే నొక్కుకుని
పెళ్ళి నుంచి శవయాత్రకి నాలుగు సెకన్లు.
ఆడలేక మద్దెల ఓడు, అని గొణిగాను తెలుగులో.
ఇంగ్లీషులో గొణిగినా వినపడదు,
కింద నడిచే అక్షరాలే ఆయన చెవులు.

గుసగుసల సీను వస్తే చాలు
పెట్టెలో ఫ్యాను హోరెత్తుతుంది, నేను విసుక్కుంటాను.
ఆయన అరచెయ్యి దాని వీపు మీద ఆనించి
"ఇంజను గది" అన్నాడొకసారి,
పాత స్నేహితుడు తగిలినట్టు.

నవంబరులో ఒక రాత్రి
అట్టపెట్టె బదులు ప్లేయరునే మోసుకొచ్చాడు.
లోపల డిస్కు ఇరుక్కుంది. మావిస్ పెట్టింది.
అంతే చెప్పాడు.
ఆ "పెట్టింది" ఎన్నేళ్ళ కిందటిదో మేం అడగలేదు.

ఉదిత పేపరు క్లిప్పు నిటారు చేసి
ముందున్న సూదిబెజ్జంలో గుచ్చింది.
ట్రే అంగుళం నాలుక చాపింది.
డిస్కు మీద వేలిముద్ర,
వెన్నదో, చేతి క్రీముదో.
తుడవాలా వద్దా అని
అది నన్ను చూసింది, నేను ఆయన్ని చూశాను.
ఆయనే చొక్కా అంచు లాగి తుడిచేశాడు,
మధ్య నుంచి బయటికి, పద్ధతిగా.
"మరక ఉంటే ఎక్కడో ఆగిపోతుంది."

గంటా ఏడు నిమిషాల దగ్గర
సోఫాలో ఎడమ పక్కకి తిరిగాడు.
"ఇక్కడ నిద్రపోయేది. ప్రతిసారీ."
ఎడమ పక్క ఉదిత ఉంది, కళ్ళు విప్పార్చుకుని.
తర్వాతేమవుతుంది? అని చేత్తో అడిగింది.
"ఏమో. నేనూ ఆపేసేవాణ్ణి."

పిడి ఆయన చేతుల్లోనే ఉంది.
ఏ మీటా నొక్కుకోలేదు.
చివరిదాకా చూశాం.
ముగింపు ఏమంత గొప్పగా లేదు,
ఎవరో రైలెక్కారు, ఎవరో ఎక్కలేదు.

పెట్టె వెలగగానే "ఎవరు ఆడుతున్నారు?" అనడుగుతుంది.
మా రెండు పేర్ల పక్కన ఉదిత ఇంకొకటి చేర్చింది:
నార్మన్, బొమ్మ ఆక్టోపస్.
ఆడిన గంటలు నలభై ఒకటి,
గెలిచిన ట్రోఫీలు సున్నా.
"సిగ్గుచేటు" అంటుంది,
శుక్రవారం ఆరింటికే
పిడికి చార్జింగు పెడుతూ.