దెబ్బ పేరు

నిగాతా స్టేషన్లో, పోయిన వస్తువుల గది మాది.
నాలుగువందల పన్నెండు గొడుగులు,
ఒక కట్టుడు పళ్ల సెట్టు,
ఒంటి చేతి తొడుగులు లెక్కలేనన్ని.
మినెగిషి గారు ముప్ఫై ఏళ్లుగా
తాను పోగొట్టని వాటికి తలవంచి క్షమాపణ చెబుతున్నారు.
ఆయన గొంతు
పాల మీద మీగడ కదిలినంత చప్పుడు.

జనవరిలో ఓ రాత్రి మంచు పట్టాలను మింగేసింది.
ఆఖరి బండి నాగఓకాలోనే ఆగిపోయింది. మేమిక్కడ ఆగిపోయాం.
కిరసనాయిలు పొయ్యి, రెండు కప్పుల నూడుల్సు,
పళ్ల సెట్టు డబ్బాకు ఆనించిన ఆయన ఫోను.
"చూస్తావా, మియోరీ?" అన్నారు
దొంగసారా సీసా చూపించినట్టు.

తెర మీద ఒక గుడి వంటమనిషి.
ఎడమ చేతిలో దయ్యం కాపురం.
గాలి లేకుండానే జుట్టు ఆకాశాన్ని గీరుతోంది.
ఎదుటివాడికి ఎనిమిది కళ్లు, కంటికో గతం.
ఆమె గరిటె ఎత్తింది.
ఎత్తడానికి ఒక భాగమంతా పట్టింది.
మధ్యలో చిన్నప్పటి వాన, పోయిన గురువు,
ఎవరో తినకుండా వదిలేసిన అన్నం ముద్ద.
అప్పుడు అరిచింది, గొంతు చీరుకుపోయేలా:
"తొమ్మిదో నరకం తాళంచెవీ!"
మూడు కొండలు పిండయ్యాయి.
చంద్రుడికి పగులు పడింది.
సముద్రం లేచి నిలబడి చూసింది.

నూడుల్సు ముక్కులోకి పోయేంత నవ్వాను.
"ఒక్క దెబ్బకి ఇంత ఉపోద్ఘాతమా?
ఈలోపు వాడు పారిపోవచ్చుగా?"

ఆయన నవ్వలేదు. పొయ్యి ఒత్తి తగ్గించారు.
"పారిపోడు. అది మర్యాద.
కొట్టేవాడు పేరు చెప్పాలి,
తగిలేవాడు పూర్తిగా వినాలి."

వేలితో వెనక్కి జరిపి ఒకచోట ఆపారు.
"ఈ ఒక్క బొమ్మలో చూడు, ఆమెకి ముక్కు లేదు.
చెయ్యి రబ్బరులా సాగిపోయింది.
తప్పు కాదు. ఎవరో రాత్రంతా మెడ వంచి
వేగాన్ని మాత్రమే గీశారు."

తర్వాత, తెర వైపే చూస్తూ:
"మా తమ్ముడి సంగతి డాక్టరు నాలుగు సెకన్లలో చెప్పేశాడు.
వెనక మెషీన్లో ఎవరికో కాఫీ డబ్బా పడింది, ధన్‌మని.
అంతే శబ్దం.
గోడ మీద క్యాలెండరు కూడా కదల్లేదు.
'మీకు శ్రమ ఇచ్చాం' అని తలవంచి
లిఫ్టు బటను నొక్కాను.
ఆ దెబ్బ తన పేరు చెప్పలేదు.
పదకొండేళ్లయింది, ఇప్పటికీ తెలీదు."

అంతవరకూ నేను దాన్ని అతిశయోక్తి అనుకున్నాను.
పగిలిన చంద్రుడు, నిలబడ్డ సముద్రం,
కన్నీటిబొట్టు పడినచోట ఊరంత గొయ్యి,
ఎవరికో తగిలినదాన్ని
సరిగ్గా కొలిచి గీసిన కొలతలు.
స్వభావోక్తి.
కోతలు కోసేది మేమే, ఈ కౌంటరు వెనక,
రోజుకి రెండొందల సార్లు "పర్లేదండీ" అని.

ఇంకో రెండు భాగాలు చూశాం. కాదు, అయిదు.
వంటమనిషి చచ్చింది. లేచింది.
దయ్యంతో జీతం గురించి పోట్లాడింది. మళ్లీ చచ్చింది.
అప్పుడు ఆయన, ఆ మీగడ గొంతు మనిషి,
పిడికిలితో బల్ల గుద్ది "లే!" అన్నారు.
డబ్బాలో పళ్లు గజగజలాడాయి.

తెల్లారింది. ప్లాట్‌ఫారం అంచున రాయిలా గడ్డకట్టిన మంచు.
నాకు పార ఇచ్చి, ఉప్పు బస్తా తాను పట్టుకున్నారు.
నా దగ్గరా ఒకటుంది, పేరు లేనిది.
పార ఎత్తాను. అటూ ఇటూ చూశాను.
పెదాల మధ్యే అన్నాను
అప్పటికప్పుడు పుట్టిన పేరు. మీకు చెప్పను.

అరచేతి వెడల్పు పెళ్ల ఊడింది.
అంతకుమించి ఏమీ జరగలేదు.
దూరంగా కొండలు ఎక్కడివక్కడే.

వెనకనుంచి, ఉప్పు చల్లుతూ, ఆయన:
"గట్టిగా చెప్పాలి."