మణికట్టు విరిగిన మార్చి

టార్టూలో మా ఆఫీసు మూడో అంతస్తు.
కిటికీ కింద నది,
సగం గడ్డకట్టి, సగం మనసు మార్చుకుంటూ.
మాండలికాల నిఘంటువు మా పని:
దీవుల్లో ముసలమ్మలు పలికిన మాటల్ని
పాత కార్డుల మీంచి ఫైళ్ళలోకి దించడం.
ముగ్గురం. మూడు ఎడిటర్లు.
పుర్రెకో బుద్ధి అన్నవాళ్ళు
వేలికో బుద్ధి అనడం మర్చిపోయారు.

లేలోది ఉత్త తెల్లకాగితం లాంటిది.
రంగుల్లేవు, వరుసలకి అంకెల్లేవు.
"మాటకి రంగేస్తే చూస్తానే గానీ చదవను" అంటుంది.
వాక్యానికి మూడుసార్లు సేవ్ నొక్కుతుంది.
తొంభై రెండు చలికాలంలో కరెంటు పోయి
ఒక అక్షరం మొత్తం పోగొట్టుకుందట.
ఇప్పుడు దానంతటదే దాచుకుంటుంది కదా అంటే
"దాని పని అది చేసుకోనీ,
నా పని నేను చేస్తా."

టోనుది విమ్.
మౌస్‌ని డ్రాయర్లో పడేశాడు, చలికాలపు సాక్సుల పక్కన.
ఇంటి సరుకుల చీటీ చివర కూడా
కోలన్ డబ్ల్యూ క్యూ అని కొట్టి పంపితే
వాళ్ళావిడ అదేదో జున్ను అనుకుని
మూడు కొట్లు తిరిగింది.

నాది ఈమాక్స్.
పందొమ్మిదేళ్ళుగా కట్టుకుంటున్న ఇల్లు,
ఇప్పటికీ ఒక గది తక్కువే.
ఉత్తరాలు అందులోనే, లెక్కలు అందులోనే,
చంద్రుడు పెరుగుతున్నాడో తరుగుతున్నాడో
తలెత్తి చూడకుండా అందులోనే అడుగుతాను.
"అది ఎడిటరా? వేళ్ళకి కుస్తీ పోటీ" అని టోను.
"నీది లోపలికెళ్ళినవాడు బయటికి రాని గుహ" అని నేను.
పదకొండేళ్ళు.
ఇద్దరం పట్టిన కుందేళ్ళకీ మూడేసి కాళ్ళే.

మార్చిలో వంతెన దిగుతూ జారాను.
కుడి మణికట్టు. ఆరు వారాల కట్టు.

మర్నాడు ఒంటిచేత్తో కూర్చుంటే
నా ఇల్లే నన్ను గుర్తుపట్టలేదు.
కంట్రోల్ ఒక మూల, ఆల్ట్ ఇంకో మూల,
కావలసిన అక్షరం అవతలి ఒడ్డున.
బొటనవేలు సాచి, చిటికెనవేలు చాచి,
చివరికి గడ్డంతో నొక్కాను ఒకసారి.
లేలో చూసింది. ఏమీ అనలేదు.
సేవ్, సేవ్, సేవ్.

టోను లేచి వచ్చాడు.
వెక్కిరిస్తాడనుకున్నా.
కుర్చీ లాక్కుని కూర్చుని,
"ఇక్కడ కలిపి నొక్కేదేం లేదు.
ఒక కీ, దాని తర్వాత ఇంకో కీ.
తొందరేముంది" అన్నాడు,
చిన్నపిల్లాడికి బూటు తాడు కట్టినట్టు.
తన సెట్టింగుల ఫైలే నాకిచ్చాడు.

ఒకడి సెట్టింగుల ఫైలు చదవడమంటే
వాడి వంటింటి అలమర తెరవడమే.
మా కీబోర్డులో మా అచ్చులు కూర్చున్నచోట
పరాయి దేశంలో బ్రాకెట్లుంటాయని,
ఆ తగవు తీర్చడానికే పన్నెండు వరుసలు.
పక్కన వాడి గొణుగుడు, తేదీలతో సహా:
"ఇదెందుకు పనిచేస్తుందో తెలీదు. ముట్టుకోకు."
ఇంకా కిందికి దిగితే, ఎనిమిదేళ్ళ నాటిది:
"ఈ ఒక్క విషయంలో ఉర్మస్ వాళ్ళదే నయం.
వాడికి చెప్పకు."

రెండుసార్లు చదివాను.
వెనక టోను కాఫీ కలుపుకుంటున్నాడు,
చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు.

ఆ రోజంతా ఎడమచేత్తో ఒక్కో కీ నొక్కుతూ
ఒకే ఒక్క మాట ఎక్కించాను.
పగలు కరిగి, రాత్రి మళ్ళీ బిగిసి,
అద్దంలా మోసం చేసే మంచుకి
సారెమా వాళ్ళు పెట్టుకున్న పేరు.
ముందే తెలిసుంటే
వంతెన మీద తిట్టుకోడానికైనా పనికొచ్చేది.

ఏప్రిల్ చివర్లో కట్టు విప్పారు.
నది కూడా విప్పుకుంది.
నా ఇంటికి నేను వెళ్ళిపోయాను, సందేహమే లేదు.
కానీ వాక్యం ముగిసిందా,
చెయ్యి దానంతటదే ఎస్కేప్ మీదికి పోతుంది.
మూడుసార్లు కొడితే మా ఈమాక్స్‌లో
తెరిచిన కిటికీలన్నీ మూసుకుపోతాయి.
రోజుకి రెండుసార్లు తిట్టుకుంటాను, గట్టిగానే.
టోను వెనక్కి తిరగడు,
భుజాలు మాత్రం కొద్దిగా కదుల్తాయి.

అడుగుదామని నోటిదాకా వస్తుంది:
ఆ ఒక్క విషయం ఏమిట్రా అని.
చెప్పకు అని రాసుంది కదా.
చెప్పలేదు.