చీలిక లేదు

ఈ దీవిలో ఇళ్ళని నేను కిందినుంచి ఎరుగుదును.
బెర్ముడాలో ఏరు లేదు. నది పేరెత్తితే పిల్లలు పటంలో వెతుకుతారు.
సున్నం కొట్టిన మెట్ల కప్పుమీద పడ్డ వాన
గొట్టంలో దిగి ఇంటికిందే కాపురముంటుంది.
మంచాలకింద నీళ్ళు. పొయ్యికింద నీళ్ళు.
ఆ చీకట్లోకి నిచ్చెనేసుకుని దిగేవాణ్ణి.

మే నెలలో ఎల్డన్ లైట్‌బోర్న్ ఫోన్ చేశాడు:
"ఇంట్లో ఉన్నది ఇద్దరం. వారానికి జానెడు దిగిపోతోంది.
ఎక్కడో చీలింది, వచ్చి చూడు."
చినుకు రాలి నలభై మూడు రోజులు.
నీళ్ళ లారీ అంటే ఆయనకి
అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డంత నామోషీ.

దిగాను. మోకాలి లోతు.
నుదుటి దీపం వెలుగులో
దోమపిల్లల కోసం వదిలిన నాలుగు చేపలు,
ఒక చెంచా, ఎప్పటిదో బొమ్మ చెప్పు.
సుత్తితో గోడంతా తట్టాను,
డాక్టరు వీపు తట్టినట్టు.
ఎక్కడా డొల్ల పలకలేదు.

నెత్తిమీద అడుగులు.
బరువుగా, ఆగి ఆగి, ఎల్డన్‌వి.
తేలికవి మెర్లీన్‌వి.
నేను పొంగునీళ్ళ కంత దగ్గరికి రాగానే
ఆ తేలికవి ఆగిపోయాయి.

కంతలోంచి దిగి ఉంది, వేలి లావు ఆకుపచ్చ గొట్టం.

పైకొచ్చి దాని వెంట నడిచాను.
గన్నేరు కంచె కిందుగా, ఎండుటాకుల చాటున,
పల్లంలో ఉన్న పషేకో వాళ్ళింటికి.
అదే కంచె. రెండేళ్ళు కోర్టుకెక్కిన కంచె.
కిందటి తుఫానుకి వాళ్ళ తొట్టిలో సముద్రం దూరిందని విన్నాను,
ఇంకా ఉప్పే అని వినలేదు.
వాళ్ళ తాడుమీద పదకొండు బుల్లి గుడ్డలు
ఆరుతున్నాయి.

వెనక మెట్టుమీద మెర్లీన్ బఠాణీలు వలుస్తోంది.
తలెత్తలేదు.
ఒక గింజ దొర్లి నా బూటుదాకా వచ్చింది,
తీసుకోలేదు.

రసీదులో రాశాను: చీలిక లేదు. ఆవిరి.

ఎల్డన్ రెండుసార్లు చదివాడు.
"మూతేసిన తొట్టిలో ఆవిరేమిటయ్యా?"
నేను నిచ్చెన మడుస్తున్నాను.
అది మడతపడ్డానికి ఎప్పుడూ అంతసేపు పట్టదు.

ఆయన కంచెకేసి చూశాడు. తాడుకేసి చూశాడు.
వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.
డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెట్టి,
గుమ్మందాకా వచ్చి, గొంతు తగ్గించి,

"ఆ లారీవాడి నంబరు
నీ దగ్గరుందా?" అన్నాడు.