అడిగినంతా ఇచ్చినోడు

వెయ్యికి పోయే పండుగప్ప.
పదహారొందలన్నాను.
చెప్పడం నా వంతు, కొయ్యడం ఆడి వంతు,
ఆ మధ్యలో ఎక్కడో కదా
చేప అసలు ధర దాక్కునుండేది.

ఆడు జేబులోంచి నోట్లు తీసి
తడి చూసుకోకుండా నా చేతిలో పెట్టేసేడు.
పదహారొందలూ.
పొద్దుటి బోణీ. కళ్ళకద్దుకున్నాను గానీ
చెయ్యి చురుక్కుమంది.

"చైనావోడే" అంది పక్క గంప నూకాలు.
"కాదు, ఫిలిప్పీన్సు" అన్నాడు కారు తోలే బుల్లబ్బాయి,
"గ్యాసు ప్లాంటులో గొట్టాలు అతుకుతాడు.
ఆళ్ళ దేశం మొత్తం లంకలేనంట, ఏడు వేల పైన."
మా లంకలు లెక్కెడితే
వరదొచ్చినపుడల్లా ఒకటి తగ్గుద్ది, ఆయ్.

ఆ రాత్రి భైరవపాలెంలో నాకు నిద్దర లేదు.
ఆరొందలు ఎక్కువొచ్చినందుకు కాదు.
బేరమాడనోడు బిచ్చమేసినోడితో సమానం,
మొహం కూడా చూడకుండా పోయేడు.

మళ్ళీ ఆదివారం, యానాం ఫెర్రీ రోడ్డు మీద
జెల్లలకి డబ్బు తీస్తుంటే
మణికట్టు పట్టుకున్నాను.
"ఆగు. అడుగు."

బుల్లబ్బాయి ఆడితో ఏదో మాట్లాడి
నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పేడు:
"ఆళ్ళమ్మా చేపలే అమ్మేదంట.
రూపాయి తగ్గించమన్నప్పుడల్లా
ఆవిడ మొహం పక్కనే కూచుని చూసేడంట.
ఏ చేపలమ్మినీ అడగనని ఒట్టెట్టుకున్నాడంట."

నాకు నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది.
"అడగరా బుల్లబ్బాయ్,
రాత్రి కూడు తింటా ఆళ్ళమ్మ ఏం చెప్పేది?
ఫలానోడు గీసి గీసి చచ్చేడు,
ఫలానాదాన్ని తిప్పి తిప్పి పంపేను,
ఇయ్యే కదా చెప్పేది?
అడిగినంతా ఇచ్చినోడి గురించి
ఏం చెప్పుకుంటాం ఇంటికాడ?"

చాలాసేపు మాటాడలేదు ఆడు.
ఈగలు తోలుకుంటా కూచున్నాను.
తర్వాత వొంగేడు.
మొప్ప ఎత్తి చూసేడు,
పొట్ట వేలితో నొక్కేడు,
వాసన చూసి ముక్కు చిట్లించి
చేపని గంపలోకి జారవిడిచేడు.
ఓరి దొంగ! పని తెలిసినోడే.

అక్కణ్ణించి ప్రతి ఆదివారం యుద్ధం.
ఆడి భాషలో ఆడు, నా భాషలో నేను.
నూకాలు కత్తిపీట ఆపేసి చూసేది.
"అమ్మో" నేర్చుకున్నాడు, "ఎల్లిపోతా" నేర్చుకున్నాడు,
అని, టీ బంకు వైపు నడిచేవోడు.
ఏడో అడుక్కాడ పిలుస్తాను నేను.
ఆరో అడుక్కాడే నిదానించేవోడు.

కార్తీకంలో తూర్పుగాలి తిరిగింది,
చీరమేను దిగింది.
గ్లాసుతో కొలుస్తుంటే
గొంతుక్కూచున్నాడు రోడ్డు మీద.
"ఇపోన్" అన్నాడు.
"చీరమేను" అన్నాను.
"ఇపోన్."
"చీరమేనురా."
వాళ్ళ ఏటి మొగలోనూ దిగుద్దంట, ఇలాగే,
వెంట్రుకంత చేప, గ్లాసుల్లెక్కన.
ఆ కళ్ళు చూసి తగ్గించుదామనిపించింది గానీ
అలాగెలా కుదురుద్ది?
మూడొందలన్నాను.

రెండొందల ఇరవై కాడ ఇద్దరం మొరాయించేం.
ఆడి జేబులో రెండే వందలు.
వచ్చే ఆదివారం అని వేలు గుండ్రంగా తిప్పేడు.
"బాకీ" అన్నాను.
"బాకీ" అన్నాడు, చక్కగా, మా ఊరోడిలా.

వచ్చే ఆదివారం కారు ఒక్కటే వచ్చింది.
గొట్టాల పని అయిపోయిందంట,
రాత్రికి రాత్రి అందర్నీ కాకినాడ పోర్టుకి,
అక్కణ్ణించి ఓడలో ఏ దేశమో బుల్లబ్బాయికీ తెలీదు.
"ఇరవయ్యే కదా పిన్నీ, నేనిచ్చేస్తాలే."
"నువ్వెవడివిరా మధ్యలో?"

నాకు పుస్తకం లేదు, రాతా రాదు.
బాకీకొక ముడి, గంప చెవికి కట్టిన నైలాను దారంలో.
మొన్న గంప అడుగు పోతే కొత్తది కొన్నాను,
మేదరోడి చేత నలభై తగ్గించుకునే.
పాత దాని దారం విప్పి
దీనికి కట్టేను.