నీలి గుర్తు

లెక్క తప్పకూడదని
చచ్చిన ప్రతి గూడబాతు మీదా నీలం రంగు చిమ్ముతాను.
రెక్క మీద ఒక్క చార చాలు.
ఒకసారి లెక్కకొచ్చిన చావు
రెండోసారి రాకూడదు.
ఈ పెరూ ఒడ్డున, గారువా తుంపరలో
రంగు ఓ పట్టాన ఆరదు.

మంగళవారం నూట పద్నాలుగు.
బుధవారం మూడొందల ఆరు.
గురువారం ఒక సముద్రసింహం
ఎవరో వెనకనుంచి పిలిచినట్టు
తల తిప్పుతూ, తిప్పుతూ,
మధ్యాహ్నానికి తిప్పడం మానేసింది.
నా పుస్తకంలో దానికి గడి లేదు.
పక్షుల పేజీ వెనక కొత్త గీత గీశాను.
వంకర పోయింది. తప్పు గ్లోవ్స్‌దే అనుకున్నాను.

లీమా నుంచి డాక్టర్ ఉర్సులా ఫోను:
"ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుందా ఎడెల్మిరా,
లేక అన్నీ ఆ పక్షుల్నే కరిచాయా?"
ఆ రెంటికీ మధ్య ఎంత దూరమో ఇద్దరికీ తెలుసు.
నా ముందు తల్లీ పిల్లా పక్కపక్కన పడున్నాయి,
ఒకే అల తెచ్చి పడేసినట్టు.
"తెలీదు" అన్నాను.
"అయితే తెలీదనే రాయి."

సాయంత్రం అనక్లేతో కుక్క ఎదురొచ్చింది,
తోకాడిస్తూ.
మూతి నీలం.
నిజం చెప్పాలి, ముందు నవ్వొచ్చింది.

తర్వాత వాళ్ళ గడప మీద నీలం.
నీళ్ళ బకెట్ పిడికి నీలం.
ఆరేళ్ళ హెబెర్ చొక్కా జేబుకి,
ఎడమ చెంపకి.

మూడు వారాలుగా మ్యాపు మీద సూదులు గుచ్చుతున్నాను.
ఇక్కడ దారి తనే గీసుకుంది,
నా డబ్బాలోని రంగుతోనే.

"వల ఖాళీ, కోళ్ళు రెండే మిగిలాయి" అన్నాడు అనక్లేతో,
"వాటినీ పట్టుకుపోతావా?"
బదులు చెప్పకుండా మాస్కు సర్దుకున్నాను.
పిల్లాడి ముక్కులో పుల్ల తిప్పితే తుమ్మాడు,
నా కళ్ళద్దాల నిండా.

పుల్ల ఐసుపెట్టెలోకి. పెట్టె తొమ్మిది గంటల బస్సులోకి.
జవాబు ఆదివారానికి, టైరు పేలకపోతే.

"నా మీద కూడా కొడతావా రంగు?"
డబ్బా వైపు చూపిస్తూ హెబెర్ అడిగాడు.
"కొట్టను."
"ఎందుకు?"

చెంప మీదిది సబ్బుకి వదల్లేదు.
గుడ్డ కొసకి కిరసనాయిలు అద్ది మెల్లగా రుద్దాను.
నీలం పోయింది.
ఆ చోటు ఎర్రబడింది.
రుద్దినందుకో,
జ్వరానికో.